చేసేవాళ్లు కళ్లెదుట ఉండాలి

(ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, పరీక్షలు దగ్గర పడుతున్నా వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

విశ్వవిద్యాలయ విద్యలో సృజనాత్మకత, కళలు అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఈ మాటలు ఇప్పుడు ప్రతి ప్రణాళికలోనూ కనిపిస్తున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ సైన్సుకూ మధ్య గోడలు ఉండకూడదంది. సంతోషమే. అయితే ఆ విధానాన్ని అమలు చేస్తున్నామంటూ చాలా చోట్ల జరుగుతున్నది ఏమిటంటే, సృజనాత్మకత పేరుతో ఒక ఎలక్టివ్ పెట్టడం, దానికి రెండు క్రెడిట్లు ఇవ్వడం, పిల్లలకు స్లైడ్లు చూపించడం, సెమిస్టర్ చివర పరీక్ష పెట్టడం. గట్టు మీద కూర్చోబెట్టి ఈత గురించి పాఠం చెప్పడం లాంటిదిది. మార్కులు వస్తాయి గానీ ఎవరికీ ఈత రాదు.

నేనీ పూట ఒక్క సంగతి చెప్పడానికే వచ్చాను. విశ్వవిద్యాలయంలో సృజన పెరగాలంటే చేసేవాళ్లు కళ్లెదుట ఉండాలి. బొమ్మ వేసేవాళ్లు, పాట కట్టేవాళ్లు, మట్టి పిసికేవాళ్లు, నాటకం ఆడించేవాళ్లు అక్కడే రోజూ తమ పని తాము చేసుకుంటూ ఉండాలి. ఏ శాఖ విద్యార్థి అయినా సరే, అనుమతి పత్రం లేకుండా వెళ్లి ఆ పక్కన నిలబడగలగాలి. మన దేశంలో ఇది కొన్ని చోట్ల జరిగింది. జరిగిన చోటల్లా ఫలితం కనిపించింది. ఆ చోట్ల గురించే మాట్లాడతాను.

మొదట రాజమండ్రి వెళ్దాం. 1909 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ ఆయన వచ్చాడు. ప్రిన్సిపాల్ అయ్యాడు, ఇంగ్లిష్ పాఠాలు చెప్పాడు. ఆ కాలేజీలో చిత్రకళ అనే శాఖ లేదు, ఆర్ట్స్ కాలేజీలో ఆర్ట్స్ అంటే చరిత్ర, తర్కం, సాహిత్యం. కానీ ఆ ప్రిన్సిపాల్ స్వయంగా కవిత్వం రాసేవాడు, నీటిరంగులతో బొమ్మలు వేసేవాడు. కుర్రాళ్లు అది చూశారు. తమకు పాఠం చెప్పే పెద్దమనిషి, అధికారంలో ఉన్న మనిషి, గోదావరిని చూసి దాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడానికి కష్టపడుతున్నాడని తెలిసింది. బొమ్మలు వేయడం పనిలేనివాళ్ల వ్యాపకమనే మాట వాళ్ల మనసుల్లోంచి పోవడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

ఆయన చుట్టూ చేరినవాళ్లు ఎవరో చూడండి. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, దామెర్ల రామారావు. రామారావులో ఉన్న విద్యను గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించే ఏర్పాటు చేసింది కూల్డ్రేనే. రామారావు అక్కడ చదువు ముగించుకుని బొంబాయిలో ఉండిపోలేదు. రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ బొమ్మలు వేశారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లైనా నిండకుండానే రామారావు పోయాడు. ఆ తరవాత వరదా వెంకటరత్నం గారు ఆ కళాశాలను నిలబెట్టారు. ఈరోజుకీ రాజమండ్రిలో దామెర్ల పేరుతో గ్యాలరీ ఉంది. మీలో ఎంతమంది చూశారో నేను అడగను, కానీ చూడకపోతే ఈసారి అటు వెళ్లినప్పుడు తప్పకుండా వెళ్లండి. ఆయన వేసిన గోదావరి కొండల ముందు కాసేపు నిలబడండి. ఇంత పనీ పాతికేళ్లు దాటీ దాటని కుర్రాడు చేసిందేనా అనిపిస్తుంది.

బాపిరాజు గారి దారి ఇంకా విచిత్రమైనది. బి.ఏ. చదివాడు, లా చదివాడు, కవిత్వం రాశాడు, పాటలు కట్టాడు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు, 1930ల్లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు కలిసి పెట్టిన సంస్థ అది. స్వదేశీ ఉద్యమం వేడిలో పుట్టిన ఆ కాలేజీ ఒక బెంగాలీ చిత్రకారుణ్ణి పిలిపించి బందరులో కూర్చోబెట్టింది. జాతీయ విద్యలో చిత్రకళ ఎందుకని వాళ్లు అడగలేదు. అది లేకుండా జాతీయ విద్య ఎలా అవుతుందని అనుకున్నారు.

ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రస్తావన కూడా తెస్తాను. 1934లో ఆ విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టింది. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దాని ఉపకులపతి. బహుమతి ఇద్దరికి పంచారు. ఒకటి విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, రెండోది బాపిరాజు ‘నారాయణరావు’. ఒక విశ్వవిద్యాలయం తెలుగు నవల మీద విమర్శ రాయించడం ఒక పని. తెలుగు నవలే పుట్టేలా చూడటం మరో పని. ఆ రెండో పనిని కూడా తన పనిగా అనుకుంది కాబట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్రలో ఆ సంవత్సరం నిలిచిపోయింది. ఇవాళ మన తెలుగు శాఖల్లో నవలల మీద ఎన్ని పీహెచ్‌డీలు వస్తున్నాయో మీకు తెలుసు. నవల రాస్తానని వచ్చిన పిల్లకు మనం ఏ గదిలో కుర్చీ వేస్తున్నాం?

ఇప్పుడు 1919కి వస్తాను. ఆ ఏడాది రెండు చోట్ల రెండు సంస్థలు మొదలయ్యాయి. ఒకటి మన విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల. రెండోది బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో కళాభవన్ అనే చిత్రకళా విభాగం.

విజయనగరంలో తొలి ప్రిన్సిపాల్‌గా ఎవర్ని పెట్టారు? ఆదిభట్ల నారాయణదాసు గారిని. కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో చిడతలు పట్టి రాత్రంతా హరికథ చెప్పగల మనిషిని తెచ్చి ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ఆయన వాయిద్యం విన్నాక, ఈయన నేర్చుకోవాల్సినవాడు కాదు, నేర్పాల్సినవాడని వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు. ఆ నిర్ణయంలో ఉన్న స్వేచ్ఛను ఒకసారి ఆలోచించండి. ఇంటర్వ్యూ బోర్డు ముందున్న ఫైలు ఒకటి, చెవులకు వినపడుతున్నది ఒకటి. వాళ్లు చెవులనే నమ్మారు. తరవాత ద్వారం వారే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆ తరవాతి తరంలో ఘంటసాల వెంకటేశ్వరరావు అనే కుర్రవాడు ఆ ఊరు వెళ్లి, మధూకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ను చేరదీశారు. తెలుగువాళ్ల చెవుల్లో ఇప్పటికీ మోగుతున్న ఆ గొంతు ఆ కళాశాల నుంచి వచ్చిందే.

ఇక శాంతినికేతన్. రవీంద్రుడు పెట్టిన విశ్వభారతి 1921లో మొదలైంది, 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. కళాభవన్‌ను మూడు దశాబ్దాలు నడిపించినవాడు చిత్రకారుడు నందలాల్ బోస్. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

అక్కడ బొమ్మలు గదుల్లో దాక్కుని లేవు. 1930ల్లో విద్యార్థులు ఉండటానికి ఒక మట్టిల్లు కట్టారు. గోడలకు తారు పూశారు కాబట్టి దాన్ని నల్ల ఇల్లు అంటారు. ఆ గోడల నిండా ఉబ్బెత్తు శిల్పాలు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి చేసినవి. ప్రాచీన శిల్పాల నమూనాలు, జంతువులు, మనుషులు. అంటే తాము పడుకునే ఇంటి గోడనే చదువుకునే పుస్తకంగా చేసుకున్నారన్నమాట. ఆ గోడల పక్కనుంచి నడిచి వెళ్లిన ప్రతివాడూ, వాడు చదివేది ఏదైనా సరే, ఆ బొమ్మలతో పరిచయం పెంచుకున్నట్టే.

రామ్‌కింకర్ బైజ్ సంగతి చూడండి. బాంకురాలో క్షురకుల కుటుంబంలో పుట్టిన కుర్రాడు. డబ్బు లేదు, ఇంగ్లిష్ చదువు లేదు. 1925లో శాంతినికేతన్ చేరాడు, ఆ తరవాత అక్కడే అధ్యాపకుడయ్యాడు. 1938లో ఆరుబయట ఒక శిల్పం చేశాడు. సంతాల్ గిరిజన కుటుంబం పొట్ట చేతపట్టుకుని వలసపోతోంది. మగాడి భుజాన కావడి, అందులో ఒక బిడ్డ, పక్కన భార్య, ఒక కుక్క. కంచుకూ పాలరాయికీ డబ్బులేవి? అందుకని సిమెంటులో అక్కడి ఎర్రమట్టి నేల గులకరాళ్లు కలిపి, ఇనుప చట్రం మీద విసిరి విసిరి చేశాడు. రాజులకూ దొరలకూ తప్ప విగ్రహాలు ఉండని రోజుల్లో కూలీ కుటుంబానికి అంత పెద్ద విగ్రహం ఎత్తాడు. మన దేశంలో ఆధునిక శిల్పకళ ఇక్కడ మొదలైందని చాలామంది చెప్పేది ఈ శిల్పం గురించే. అది ఏ మ్యూజియంలోనూ పుట్టలేదు. విశ్వవిద్యాలయం ఆవరణలో, రోజూ పిల్లలు నడిచే దారి పక్కన, ఎండలో వానలో, అందరూ చూస్తుండగా పుట్టింది. కట్టేటప్పుడు చూసినవాడికీ, కట్టాక చూసినవాడికీ తేడా ఉంటుంది. కట్టేటప్పుడు చూసినవాడికి భయం పోతుంది. ఇది మనిషి చేసే పనే, నేనూ చేయవచ్చు అనిపిస్తుంది.

అక్కడి చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే చూపు సరిగా లేదు. అలాంటి మనిషి 1946, 47ల్లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తకవుల చిత్రాన్ని వేశాడు. ముందుగా పూర్తి నమూనా గీసుకోకుండా తడి సున్నం మీద నేరుగా వేసుకుంటూ పోయాడు. హిందీ చదువుకునే పిల్లలు కబీరును పుస్తకంలో చదివి తలెత్తితే ఎదుట గోడ మీద ఆ సాధువుల లోకం కనిపిస్తుంది. 1950ల్లో కంటి ఆపరేషన్ తరవాత ఆయనకు ఉన్న చూపు కూడా పూర్తిగా పోయింది. అప్పుడు విశ్వవిద్యాలయం ఆయన్ను వద్దనుకోలేదు. ఆయన మళ్లీ పాఠం చెప్పాడు, రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు, మట్టితో చేశాడు, 1972లో కళాభవన్ గోడ మీద టైళ్లతో పెద్ద చిత్రం పూర్తి చేశాడు. చూపు లేని చిత్రకారుడి దగ్గర బొమ్మ నేర్చుకున్న పిల్లలు ఆ ఆవరణలో ఉన్నారు. చూడటమంటే ఏమిటో వాళ్లకు అర్థమైనంతగా ఏ సిలబస్ వల్ల అర్థమవుతుంది?

నందలాల్ బోస్ తన పిల్లల్ని తీసుకుని ఊళ్లు తిరిగాడు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభలకు గాంధీ అడిగితే పల్లె మనుషుల బొమ్మలు వేశాడు. చెప్పులు కుట్టేవాడు, దూది ఏకేవాడు, డప్పు కొట్టేవాడు. స్వతంత్రం వచ్చాక మన రాజ్యాంగం మూలప్రతిలో పేజీలకు బొమ్మలు, అంచులు దిద్దింది ఆయన, ఆయన విద్యార్థులే. దేశానికి అవసరం వచ్చినప్పుడు ఆ పని చేయగల చేతులు ఒక విశ్వవిద్యాలయంలో సిద్ధంగా ఉన్నాయి.

ఇంకొక సంగతి. కళాభవన్‌లోకి ఎవరు వచ్చారో గమనించండి. సత్యజిత్ రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రం చదివి 1940లో అక్కడ చేరాడు. రెండేళ్లుండి, కోర్సు పూర్తి చేయకుండానే వెళ్లిపోయాడు. మన లెక్కల్లో డ్రాపవుట్. కానీ ఆ రెండేళ్లలో నందలాల్, వినోద్ బిహారీల దగ్గర నేర్చుకున్న చూపు ఆయన సినిమాల్లో చివరిదాకా ఉంది. కె.జి. సుబ్రహ్మణ్యన్ కేరళవాడు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రమే చదువుతూ క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లాడు. ఆ తరవాత ప్రభుత్వ కాలేజీల తలుపులు మూసుకుపోతే 1944లో కళాభవన్‌కు చేరాడు. ఇద్దరూ అర్థశాస్త్రం నుంచే. వీళ్లకు పోర్ట్‌ఫోలియో ఏది, ఇంటర్‌లో డ్రాయింగ్ ఉందా అని తలుపు దగ్గరే ఆపేసి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఊహించుకోండి.

ఆ సుబ్రహ్మణ్యన్ వెంటే మనం బరోడా వెళ్దాం. అక్కడ మహారాజా శాయాజీరావ్ విశ్వవిద్యాలయం 1949లో మొదలైంది. తొలి ఉపకులపతి హంసా మెహతా. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో ‘పురుషులందరూ’ అని రాయబోతే ‘మనుషులందరూ’ అని దిద్దించిన మహిళ ఆవిడే. ఆవిడ హయాంలో 1950లో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ వచ్చింది. ఇంజినీరింగు, సైన్సు, కామర్సు ఫ్యాకల్టీలతో సమానంగా చిత్రకళకు కూడా ఒక ఫ్యాకల్టీ, దానికి ఒక డీన్, అకడమిక్ కౌన్సిల్‌లో ఒక కుర్చీ. చిత్రకారుడు బేంద్రే, శిల్పి శంఖో చౌధురి, తరవాత సుబ్రహ్మణ్యన్ అక్కడ పాఠాలు చెప్పారు. కళాచరిత్ర చదవకుండా ఎవరూ పెయింటింగ్ పట్టా తీసుకోలేని పద్ధతి పెట్టారు. చేయి, బుర్ర రెండూ పనిచేయాలన్నది వాళ్ల పట్టుదల. చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్న భూపేన్ ఖఖ్ఖర్ 1962లో అక్కడికి వచ్చి కళా విమర్శలో చేరాడు. లెక్కలు రాసుకుంటూనే బొమ్మలు వేశాడు. చిన్న పట్టణాల మామూలు మనుషులు, వాచీ రిపేరు చేసేవాడు, క్షౌరం చేసేవాడు, మన చిత్రకళలోకి అలా వచ్చారు.

సుబ్రహ్మణ్యన్ కొన్నాళ్లు చేనేత బోర్డులో, నేతగాళ్లతో కలిసి పనిచేసి మళ్లీ బరోడా వచ్చాడు. అప్పటి నుంచి అక్కడ ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్లు మొదలయ్యాయి. పిల్లలు, పంతుళ్లు కలిసి బొమ్మలు, ముసుగులు, కుండలు, తోలుబొమ్మలు చేసి ఊరివాళ్లకు అమ్మేవాళ్లు. శాంతినికేతన్‌లో కూడా నందలాల్ పుట్టినరోజు ముందు డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది. అందులో వచ్చిన డబ్బు కష్టంలో ఉన్న విద్యార్థుల కోసం ఉంచుతారు. మన కాలేజీల్లోనూ ఫెస్టులు జరుగుతున్నాయి, లక్షలు ఖర్చవుతున్నాయి. స్పాన్సర్లను పట్టుకొస్తాం, బయటి నుంచి సినిమా గాయకులను తెస్తాం, మన పిల్లలు ప్రేక్షకులు. మూడు రోజులు అయ్యాక మిగిలేది ఫ్లెక్సీలు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. అదే డబ్బుతో, అదే ఉత్సాహంతో ఏడాది పొడవునా నడిచే ఒక వర్క్‌షాపు గది తయారవుతుంది.

బరోడా నుంచి మన ఇంటికి దారి ఉంది. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్ ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1963లో బరోడా వెళ్లి సుబ్రహ్మణ్యన్ దగ్గర మ్యూరల్, అంటే గోడచిత్రం, నేర్చుకున్నాడు, లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే ఎచింగ్ ప్రెస్ మీద చేయి పెట్టాడు. బరోడాకు వెళ్లి ఏం గీశాడు? తన ఊరినే. మేకల్ని, తాటిచెట్లని, ఆడామగా మనుషుల్ని, పల్లెలో ఎవరూ పైకి మాట్లాడని కోరికల్ని. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి తోట వైకుంఠం కూడా బరోడాలో సుబ్రహ్మణ్యన్ శిష్యుడే. నుదుట పెద్ద బొట్టు, పసుపు పూసిన ముఖం, ముదురు రంగుల చీర ఉన్న తెలంగాణ ఆడవాళ్లు ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే బొమ్మలయ్యారు. మంచి విశ్వవిద్యాలయం ఏం చేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడి చేత పల్లెను మరిపించదు. పల్లెను మళ్లీ చూడగల కళ్లు ఇస్తుంది. ఆ లక్ష్మాగౌడ్ గారే తరవాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, 1988లో కళల కోసం ఏర్పడిన సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పారు. చూశారా, శాంతినికేతన్ నుంచి బరోడాకు, బరోడా నుంచి గచ్చిబౌలికి. ఈ విద్య పుస్తకాల పార్సిల్‌లో రాలేదు. మనుషుల వెంట నడిచి వచ్చింది.

ఇక్కడ కూర్చున్న సైన్సు అధ్యాపకులు ఇదంతా ఫైన్ ఆర్ట్స్ వాళ్ల గోల అనుకోకూడదు. కాబట్టి శ్రీకాళహస్తి వెళ్దాం. తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి నలభై కిలోమీటర్ల లోపే. అక్కడ కలంకారీ ఎలా వేస్తారో రసాయన శాస్త్రం చదివే పిల్లలకు దగ్గరుండి చూపించాలని నా కోరిక.

ముడి నూలు గుడ్డను ముందు శుభ్రం చేస్తారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకిపోకుండా గీసిన చోటే నిలబడుతుంది. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. దీన్ని కసిం అంటారు. వెదురు పుల్ల మొనకు పైన గుడ్డో ఉన్నో చుట్టి, కసింలో ముంచి, వేళ్లతో కొద్దిగా నొక్కుతూ గుడ్డ మీద గీస్తారు. కుండలో ఉన్నప్పుడు ఆ ద్రవం అంత నలుపేమీ కాదు. గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. ఎందుకు? కరక్కాయలో టానిన్లు ఉన్నాయి. పులిసిన బెల్లంలో పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించింది. రెండూ కలిసిన చోట నలుపు. పాతకాలంలో కాగితాల మీద రాసిన సిరా కూడా ఇదే రసాయనం. తరవాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు. పారే నీళ్లలో ఉతుకుతారు, దానికోసమే స్వర్ణముఖి ఒడ్డు. ఆపైన మంజిష్ఠ జాతి వేళ్లు వేసిన నీళ్లలో గుడ్డ మొత్తాన్ని మరిగిస్తారు. గుడ్డంతా ఒకే కుండలో మునిగినా, పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. అల్యూమినియం ఆ రంగు అణువును నూలుకు కట్టిపడేస్తుంది.

కోఆర్డినేషన్ కెమిస్ట్రీ ఇంతకంటే అందంగా ఎక్కడ కనబడుతుంది? పాఠ్యపుస్తకంలో లైగాండ్, అంటే లోహాన్ని పట్టుకునే అణువు, ఒక బొమ్మ, బాణం గుర్తు. ఇక్కడ అది రాముడి పట్టాభిషేకం. ఆ కుండ పక్కన నిలబడి ‘ఇనుముకు బదులు రాగి వేస్తే ఏమవుతుంది అన్నా’ అని ఒక పిల్ల అడిగిందనుకోండి, అక్కడే పరిశోధన మొదలైంది. ఆ కళాకారుడికి కూడా అది ఉపయోగపడే ప్రశ్నే. నేను సృజన అంటున్నది ఆ ప్రశ్న పుట్టడాన్నే. అది గదిలో కూర్చుని ‘ఇప్పుడు అందరూ కొత్తగా ఆలోచించండి’ అంటే పుట్టదు.

ఇలాంటివాళ్లను విశ్వవిద్యాలయంలోకి ఎలా తేవాలి? నిబంధనలు ఒప్పుకోవు అనే మాట ప్రతిచోటా వింటాను. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో, చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024లో ఇచ్చారు. రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్నవాళ్లు మన క్లాసులో కుర్చీకి పనికిరారా? వాళ్ల విద్య అధ్యాపక ఉద్యోగానికి రాసే నెట్ పరీక్షతో వచ్చేది కాదు. అయినా దారి ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని మార్గదర్శకాలు తెచ్చింది. మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతానికి మించకుండా ఇలా తీసుకోవచ్చు. తన రంగంలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉండాలి, డిగ్రీలు తప్పనిసరి కాదు. మొత్తం మీద నాలుగేళ్లకు మించకూడదు. కళలు కూడా అందులో ఉన్నాయి. విజయనగరం వాళ్లు వందేళ్ల కిందట చేసిన పనికి ఇవాళ చట్టబద్ధంగా దారి దొరికింది. ఇందులోకి కంపెనీల అధికారులనే కాకుండా ఒక కిన్నెర వాద్యకారుణ్ణి, ఒక కలంకారీ కళాకారిణిని పిలవమని ఈ వేదిక మీది పెద్దలను చేతులెత్తి అడుగుతున్నాను. ఆ పది శాతంలో ఒక్క కుర్చీ చాలు, మొదలుపెట్టడానికి.

పిలిచినా ఒక గంట ప్రదర్శనకు పిలవకండి. శాలువా, జ్ఞాపిక, ఫొటో, వెళ్లిపోవడం, ఇది వాళ్లను గౌరవించినట్టు కాదు. ఒక సెమిస్టర్ ఉంచండి. పని చేసుకోవడానికి చోటివ్వండి. ఇంజినీరింగ్ పిల్లలు సాయంత్రం ల్యాబ్ అయ్యాక వెళ్లి తోలుబొమ్మ మోచేతి కీలు ఎలా కట్టారో విప్పి చూడనివ్వండి. ఆ గదికి రాత్రి తొమ్మిది దాకా తాళం వేయకండి. అటెండెన్స్ తీసుకోకండి.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అధ్యాపకురాలు: అటెండెన్స్ లేకుండా, పరీక్ష లేకుండా క్రెడిట్లు ఎలా ఇస్తామండీ? విశ్వవిద్యాలయం అన్నాక మూల్యాంకనం తప్పదు కదా?)

తప్పదమ్మా. క్రెడిట్ ఇచ్చే కోర్సుకు మూల్యాంకనం ఉండాల్సిందే. ఇందాక నేను అటెండెన్స్ వద్దన్నది అందరూ వచ్చిపోయే ఆ గదికి. కోర్సుకు చేరినవాళ్ల సంగతి వేరు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో, ఆర్కిటెక్చర్ కాలేజీల్లో జ్యూరీ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. విద్యార్థి తన పనిని గోడకు తగిలిస్తాడు, నలుగురు పెద్దలు నిలబడి చూస్తారు, అడుగుతారు, అతను జవాబు చెబుతాడు. దీనికి నేను చేర్చమనేది ఒకటే. పూర్తయిన బొమ్మతోపాటు పాడైన బొమ్మల్ని కూడా చూపించమనండి. స్కెచ్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేయండి. ఎక్కడ మొదలయ్యాడు, ఎక్కడ దారి మార్చాడు, ఎందుకు మార్చాడు అనేదానికి ఎక్కువ మార్కులు ఇవ్వండి. ఇప్పుడు కృత్రిమ మేధ క్షణంలో బొమ్మ గీసి ఇస్తోంది కాబట్టి ఇది ఇంకా అవసరం. చివరి బొమ్మను మాత్రమే చూస్తే మీకేమీ తెలియదు. దారి చూడాలి. ఇది ల్యాబ్ రికార్డు దిద్దడం కంటే కష్టమే, ఎక్కువసేపు పడుతుంది. అందుకే ఒక బ్యాచ్‌లో ఇరవైమందిని మించి పెట్టకండి.

(ఒక విద్యార్థి: సార్, మాది చిన్న ఊళ్లో డిగ్రీ కాలేజీ. ఫైన్ ఆర్ట్స్ శాఖ లేదు, నిధులు లేవు. మేమేం చేయగలం?)

నాయనా, కూల్డ్రే ఉన్న కాలేజీలో కూడా శాఖ లేదు. ముందు మీ ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపల ఏం తయారవుతోందో ఒక పట్టిక రాయండి. కుండలు, నేత, బుట్టలు, డప్పు, వడ్రంగం, బుర్రకథ, సురభివాళ్ల లాంటి నాటక కుటుంబం, ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. మీ స్నేహితులు నలుగురైదుగురు కలిసి మొదట మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఫోన్లు జేబులో పెట్టుకుని కూర్చుని చూడండి, వాళ్లకు చేతిసాయం కావాలంటే చేయండి. రెండు మూడు నెలలు అలా వెళ్లాక వాళ్లను కాలేజీకి పిలవాలనిపిస్తే ప్రిన్సిపాల్ గారిని ఒక్క గది అడగండి. వాడని స్టోర్ రూమ్ ఏదో ఒకటి ప్రతి కాలేజీలో ఉంటుంది. పిలిచేముందు ఒక పని తప్పనిసరిగా చేయండి. ఆ మనిషి మీ దగ్గరికి వచ్చిన రోజు ఇంటి దగ్గర పని పోగొట్టుకుంటాడు. రోజుకు ఎంత వస్తుందో, రానుపోను చార్జీలు ఎంతవుతాయో మర్యాదగా అడిగి తెలుసుకుని, ఆ డబ్బు చందా వేసుకుని చేతిలో పెట్టుకున్నాకే తేదీ ఖాయం చేయండి.